యుద్ధం వద్దనే రాక్ వీడియోను ఎలా చూడాలి

డ్రమ్ముల హోరు, గిటారు మోత, తెర మీద పేలుడు. ఈ మూడూ కలిస్తే చూసేవారికి ఒళ్లు పులకరిస్తుంది. సైన్యంలో చేరమని పిలిచే ప్రచార చిత్రాలు కూడా ఈ మూడింటినే నమ్ముకుంటాయి. యుద్ధాన్ని వ్యతిరేకించే రాక్ వీడియోకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. తన సంగీతం పుట్టించే ఉద్రేకం తాను చెప్పదలచిన మాటకే ఎదురు తిరగకుండా అది జాగ్రత్తపడాలి. కొన్ని వీడియోలు ఆ పనిని గొప్పగా చేశాయి, కొన్నింటికి అది చేతకాలేదు. ఏ వీడియో ఎక్కడ నెగ్గిందో, ఎక్కడ తప్పిందో మీ కళ్లతో మీరే తేల్చుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. సినిమా చదువుకుంటున్నవారికి, సంగీతం మీద వ్యాసాలు రాసేవారికి, సొంతంగా పాట చిత్రీకరించాలనుకుంటున్నవారికి ఇది పనికొస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి కొన్నే. వీలైతే ఫోను బదులు కంప్యూటర్ తెర మీద చూడండి. హెడ్‌ఫోన్లు, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియోను ఆపి, కామా మీట నొక్కితే ఒక ఫ్రేము (వీడియోలోని ఒక్క నిశ్చల బొమ్మ) వెనక్కి, ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక ఫ్రేము ముందుకు కదులుతుంది. ఈ పని మొత్తంలో ఎక్కువగా వాడేది ఈ రెండు మీటలే. వీలైనంతవరకు బ్యాండ్ సొంత ఛానెల్‌లో ఉన్న ప్రతినే తీసుకోండి. వేరేవారు ఎక్కించిన ప్రతుల్లో అంచులు కత్తిరించి ఉండవచ్చు, రంగులు మారి ఉండవచ్చు.

మొదటి పని: మూడు తేదీలు రాసుకోండి

మన సినిమా పాటకు ముందూ వెనకా కథ ఉంటుంది. ఎవరు పాడుతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో ప్రేక్షకుడికి అప్పటికే తెలుసు. రాక్ వీడియోకు ఆ వసతి లేదు. మనుషులను పరిచయం చేయడం, వారి మీద మనసు పుట్టించడం, వారిని పోగొట్టడం అన్నీ ఆ కొద్ది నిమిషాల్లోనే జరగాలి. కాబట్టి వీడియో బయట ఉన్న సంగతులను మీరే వెతికి తెచ్చుకోవాలి. పాట ఏ సందర్భంలో పుట్టింది, వీడియో ఎప్పుడు తీశారు, వీడియోలో కనిపించే యుద్ధం ఎప్పటిది? ఈ మూడు తేదీల మధ్య దూరం ఉంటే దాని కింద గీత గీయండి. అసలు విషయం చాలాసార్లు ఆ దూరంలోనే దొరుకుతుంది.

గ్రీన్ డే బృందం పాట 'వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్' తీసుకోండి. గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని 1982లో క్యాన్సర్‌తో చనిపోయిన తన తండ్రిని తలచుకుని రాశాడు. పాటలో యుద్ధం ఊసే లేదు. 2005లో దర్శకుడు శామ్యూల్ బేయర్ దాన్ని ఒక ప్రేమజంట కథగా మార్చాడు. కుర్రవాడు సైన్యంలో చేరతాడు, ఇరాక్ వెళతాడు, అమ్మాయి ఒంటరిగా మిగిలిపోతుంది. పాటలోని దుఃఖం ఒక ఇంటిది, వీడియోలోని దుఃఖం ఒక దేశానిది. పాట అర్థాన్ని వీడియో మార్చగలదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పాల్ మెకార్ట్నీ 'పైప్స్ ఆఫ్ పీస్' వీడియోలో దూరం ఇంకా ఎక్కువ. వీడియో వచ్చింది 1983లో. అందులోని కథ 1914 క్రిస్మస్ నాటిది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల్లోంచి బయటికి వచ్చి చేతులు కలిపిన రోజు అది. ఇరువైపుల అధికారుల పాత్రలనూ మెకార్ట్నీయే వేశాడు. ఐరోపా అంతా అణుక్షిపణుల భయంతో ఉన్న సంవత్సరంలో, దాదాపు డెబ్బై ఏళ్ల వెనకటి సంఘటనను ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించి నాలుగు వాక్యాలు రాయండి. శత్రువుకూ మనకూ ఒకే ముఖం ఉందని చెప్పడానికి ఒకే నటుడి చేత రెండు పాత్రలు వేయించడం తేలికైన ఉపాయమే అయినా, మాటల అవసరం లేకుండా పని చేసింది.

రెండో పని: శబ్దం పూర్తిగా ఆపి చూడండి

ఇది దాటవేయవద్దు. సంగీతం ఉన్నంతసేపూ బొమ్మ ఏం చెబుతోందో మనకు సరిగ్గా తెలియదు. శబ్దం తీసేసి, తెర మీద కనిపించినవాటి పేర్లు మాత్రం వరుసగా రాసుకుంటూ పోండి: గుర్రం, కత్తి, పొగ, పిల్లవాడు, గోడ. విశేషణాలు వద్దు. 'దారుణమైన పొగ' అని రాస్తే మీ అభిప్రాయం అప్పుడే చొరబడినట్టు. ఆ తర్వాత కళ్లు మూసుకుని పాటను మాత్రమే వినండి. వినిపించినదాన్ని పక్క వరుసలో రాయండి. రెండు వరుసలూ ఒకే మాట చెబుతున్నాయా, లేక పోట్లాడుకుంటున్నాయా అన్నది చూడాలి.

ఐరన్ మెయిడెన్ బృందం 'ది ట్రూపర్' వీడియో (1983) దీనికి మంచి అభ్యాసం. 1854లో క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ అశ్వికదళం రష్యా ఫిరంగులకు ఎదురెళ్లిన సంఘటన మీద ఆ పాట. పాటలో మాట్లాడేది చనిపోబోతున్న సైనికుడు. బొమ్మలు మాత్రం 1936 నాటి హాలీవుడ్ చిత్రం 'ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' నుంచి తెచ్చినవి: దూసుకుపోయే గుర్రాలు, మెరిసే కత్తులు. బాస్ గిటారు గుర్రపు డెక్కల లయలోనే పరుగెత్తుతుంది. శబ్దం ఆపి చూస్తే ఆ దాడి గొప్ప సాహసంలా కనిపిస్తుంది. శబ్దంతో చూస్తే ఇంకా గొప్పగా కనిపిస్తుంది. సైనికుడి చావు మాటల్లోనే ఉండిపోయింది, కంటికి అందలేదు. ఆ పాట నాకు ఇష్టమే, కానీ దాని వీడియోను యుద్ధ వ్యతిరేక వీడియోల వరుసలో చేర్చడానికి నేను ఒప్పుకోను.

మూడో పని: బొమ్మలు ఎక్కడివో తేల్చండి

ప్రతి షాట్‌కూ, అంటే మధ్యలో తెగకుండా సాగే ప్రతి దృశ్యానికీ, ఒక మూలం ఉంటుంది. బ్యాండ్ వాయిస్తున్న దృశ్యమా, నిజంగా జరిగినదాన్ని తీసిన దృశ్యమా, వేరే సినిమా నుంచి తెచ్చినదా, నటులతో చేయించినదా, గీసిన బొమ్మా? ఒక్కోదానికి ఒక్కో రంగు పెన్ను వాడి గుర్తు పెట్టుకోండి. వీడియో పూర్తయ్యేసరికి మీ పేజీయే దాని నిర్మాణాన్ని చూపిస్తుంది.

మెటాలికా బృందం 'వన్' దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఈ విషయం మీద ఒక్క వీడియో మాత్రమే చూసే తీరిక మీకుంటే, ఇదే చూడండి. అది 1989 జనవరిలో వచ్చింది. ఆ బ్యాండ్ తీసిన మొదటి వీడియో అదే. దర్శకులు బిల్ పోప్, మైకేల్ శాలమన్. అందులో సగం 'జానీ గాట్ హిజ్ గన్' అనే 1971 నాటి సినిమా నుంచి తీసుకున్న దృశ్యాలు. ఆ సినిమాకు మూలం డాల్టన్ ట్రంబో 1939లో రాసిన నవల. సినిమాకు దర్శకుడు కూడా ఆయనే. కమ్యూనిస్టు సంబంధాల మీద అమెరికా చట్టసభ జరిపిన విచారణలో జవాబు చెప్పనందుకు జైలుకు వెళ్లిన పదిమంది హాలీవుడ్ కళాకారుల్లో ఆయన ఒకరు. కథానాయకుడు జో బోనమ్ మొదటి ప్రపంచ యుద్ధ సైనికుడు. ఒక ఫిరంగి గుండు అతని చేతులు, కాళ్లు, కళ్లు, చెవులు, నోరు అన్నీ తీసుకుపోయింది. స్పృహ మాత్రం మిగిలింది. ఆసుపత్రి మంచం మీద తలను దిండుకేసి మోర్స్ సంకేతాల్లో కొట్టుకుంటూ బయటి ప్రపంచంతో మాట్లాడాలని చూస్తాడు.

ఇప్పుడు బ్యాండ్ ఎక్కడుందో చూడండి. ఖాళీ గోదాములో, నలుపు తెలుపుల్లో, ప్రేక్షకులు ఎవరూ లేకుండా వాయిస్తున్నారు. చప్పట్లు లేవు, వెలుగుల ఆర్భాటం లేదు. సినిమాలోని సంభాషణలు పాట మీదుగా వినిపిస్తాయి. పాటను హాయిగా విననివ్వవు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటని చిన్న జో తండ్రిని అడిగే మాట కూడా వాటిలో ఉంది. యువకులు ఒకరినొకరు చంపుకోవడానికీ దానికీ ఏదో సంబంధం ఉందని తండ్రి జవాబిస్తాడు.

పాట రెండో సగానికి రండి. లార్స్ ఉల్రిక్ రెండు కాళ్లతో బాస్ డ్రమ్ము మోగించే చోట అది మెషిన్‌గన్ మోతలా మారుతుంది. గిటార్లు కూడా అదే లయలో కలుస్తాయి. మామూలు దర్శకుడు అక్కడ తుపాకులు పేలుస్తాడు. ఈ వీడియోలో ఆ లయకు ఎదురుగా పెట్టింది కదలలేని మనిషిని. పాటలో అన్నిటికంటే వేగమైన భాగం, తెర మీద అన్నిటికంటే నిశ్చలమైన శరీరం, రెండూ ఒకేచోట ఉంటాయి. చూసేవాడి ఒంట్లో పుట్టిన ఉద్రేకానికి బయటికి దారి దొరకదు. అది జో తలలాగే లోపలే కొట్టుకుంటుంది. మొదట్లో నేను చెప్పిన చిక్కుకు ఇంతకంటే మంచి పరిష్కారం రాక్ వీడియోల్లో నేను చూడలేదు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. సినిమా దృశ్యాలు ఏవీ లేకుండా, బ్యాండ్ వాయించడం మాత్రమే ఉన్న మరో ప్రతి కూడా 'వన్'కు ఉంది. రెండింటినీ వెంటవెంటనే చూడండి. ఒకే పాట, ఒకే వాయింపు. రెండో ప్రతిలో మీకు తల ఊపాలనిపిస్తే, మొదటి ప్రతిలో ఊపాలనిపించకపోతే, ఆ తేడా ఎక్కడ పుట్టిందో నిమిషాలు, సెకన్లతో సహా రాసుకోండి.

నాలుగో పని: రంగు

నలుపు తెలుపు చూడగానే 'గతం' అనుకోవడం మనకు అలవాటైపోయింది. దాన్ని అలాగే ఒప్పుకోవద్దు. ట్రంబో సినిమాలో ఆసుపత్రి, అంటే వర్తమానం, నలుపు తెలుపుల్లో ఉంటుంది. జ్ఞాపకాలు, కలలు రంగుల్లో ఉంటాయి. బతుకులోని రంగంతా యుద్ధానికి ముందే అయిపోయిందని అర్థం. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గమనిస్తే దర్శకుడు ఏ కాలాన్ని నిజమని నమ్ముతున్నాడో తెలుస్తుంది.

ఐదో పని: ఒక నిమిషంలో కట్‌లు లెక్కపెట్టండి

వీడియోలో ఏదైనా ఒక నిమిషం ఎంచుకోండి. షాట్ మారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. తర్వాత వేరే చోట ఇంకో నిమిషం. లెక్క పెరిగితే ఏ వాయిద్యంతోపాటు పెరిగిందో, తగ్గితే ఎవరి ముఖం మీద తగ్గిందో చూడండి. కట్ డ్రమ్ము దెబ్బ మీదే పడితే ప్రేక్షకుడికి తృప్తి కలుగుతుంది. దెబ్బకు కొంచెం ముందో వెనకో పడితే అసౌకర్యంగా ఉంటుంది. యుద్ధం గురించిన వీడియోలో ఆ అసౌకర్యం ఎక్కడ కావాలని పెట్టారో పసిగట్టడం సరదా అయిన పని, కష్టమైన పని కూడా.

ఆరో పని: ఎవరి శరీరం, ఎవరి ముఖం

ఇక్కడికి వచ్చేసరికి క్రాన్‌బెరీస్ 'జాంబీ'ని పక్కన పెట్టుకోండి. 1993 మార్చి 20న ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ పట్టణంలో ఐఆర్ఏ (ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పోరాడిన సాయుధ సంస్థ) పెట్టిన బాంబులకు మూడేళ్ల పిల్లవాడొకడు, పన్నెండేళ్ల పిల్లవాడొకడు బలయ్యారు. ఐర్లండ్‌లోని లిమరిక్‌కు చెందిన డొలోరస్ ఓ రియర్డన్ ఆ ఘటన తర్వాత రాసిన పాట ఇది. 1994 ఆగస్టు 31న ఐఆర్ఏ కాల్పుల విరమణ ప్రకటించింది. పాట ఆ సెప్టెంబరులో వచ్చింది. వీడియో దర్శకుడు మళ్లీ శామ్యూల్ బేయరే. అతను ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ వీధులకు వెళ్లి అక్కడి గోడ చిత్రాలను, గస్తీ తిరిగే బ్రిటిష్ సైనికులను, ఆడుకుంటున్న పిల్లలను చిత్రీకరించాడు. ఆ దృశ్యాల మధ్య ఇంకో ప్రపంచం వస్తుంది. ఒళ్లంతా బంగారు రంగు పూసుకున్న ఓ రియర్డన్ శిలువ ముందు నిలబడి ఉంటుంది, చుట్టూ వెండి రంగు పూసుకున్న పిల్లలు.

మీ నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయండి. ఒకవైపు తుపాకీ పట్టుకున్నవారు, మరోవైపు పట్టుకోనివారు. పాటకు కారణమైన బాంబు పెట్టింది ఐఆర్ఏ. వీడియోలో తుపాకులు ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ సైనికుల చేతుల్లో. ఇది వైరుధ్యమా? దర్శకుడు నిందను ఇరుపక్షాలకూ విస్తరించాడనుకోవచ్చు. వీధిలో కెమెరాకు దొరికేది యూనిఫాంలో ఉన్నవారే, బాంబు పెట్టేవాడు కెమెరా ముందుకు రాడు అని కూడా అనుకోవచ్చు. రెండోది నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. డాక్యుమెంటరీ దృశ్యానికున్న పెద్ద పరిమితి అది. కనిపించే హింసనే అది చూపగలదు.

బంగారు శిలువ దృశ్యం చాలామందికి గుర్తుండిపోయింది. నా మటుకు నాకు ఆ వీడియో బలమంతా వీధి పిల్లల్లో ఉంది. సైనికుల గస్తీ పక్కనే వాళ్లు గోడలెక్కుతూ, ఉత్తుత్తి తుపాకులతో గురిపెడుతూ ఆడుకుంటారు. పిల్లలు దేన్ని చూస్తే దాన్నే ఆడతారు. శిలువ దృశ్యం దుఃఖాన్ని అలంకరించింది, వీధి దృశ్యం దాన్ని అలాగే వదిలేసింది.

పిల్లల ఆటనే మొత్తం వీడియోగా చేసిన ఉదాహరణ సెర్జ్ టాంకియన్ 'ఎంప్టీ వాల్స్' (2007). ఆటస్థలంలో చిన్నపిల్లలు బొమ్మలతో న్యూయార్క్ జంట భవనాల కూల్చివేతను, సద్దాం హుస్సేన్ విగ్రహాన్ని పడగొట్టడాన్ని ఆడతారు. టీవీ వార్తల్లో మనం వందసార్లు చూసి మొద్దుబారిన దృశ్యాలు పిల్లల చేతుల్లో మళ్లీ కొత్తగా గుచ్చుకుంటాయి. రక్తం ఒక్క చుక్క కూడా అక్కర్లేదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ మెట్టులోనే అడగవలసిన మరో ప్రశ్న: ఎవరు లేరు? గ్రీన్ డే వీడియోకు తిరిగి వెళ్లండి. ఆ జంట మీద మనకు నిజంగా జాలి కలుగుతుంది. కానీ యుద్ధం జరుగుతున్న దేశంలో కూడా జంటలున్నాయి, ఇళ్లున్నాయి. ఏ ఇరాకీ కుటుంబం కథా ఆ వీడియోలో లేదు. అమెరికా, బ్రిటన్ నుంచి వచ్చిన యుద్ధ వ్యతిరేక వీడియోల్లో ఈ లోటు చాలా ఎక్కువ. తమ సైనికుడి నష్టమే యుద్ధపు నష్టంగా కనిపిస్తుంది. మెచ్చుకుంటూనే ఈ మాట కూడా రాయండి.

ఏడో పని: గీసిన బొమ్మలు, తోలుబొమ్మలు ఉంటే

నిజమైన మనుషులతో చేయలేనిది బొమ్మలతో చేయవచ్చు. పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' సినిమాలో (1982, దర్శకుడు అలన్ పార్కర్) 'గుడ్‌బై బ్లూ స్కై' పాటకు జెరాల్డ్ స్కార్ఫ్ గీసిన యానిమేషన్ చూడండి. తెల్ల పావురం చీలిపోయి అందులోంచి నల్లటి గద్ద పుట్టుకొస్తుంది. యుద్ధ విమానాలు శిలువలుగా మారిపోతాయి. ఇక్కడ కట్ అవసరమే లేదు. ఒక వస్తువు మరో వస్తువుగా కరిగి మారడంలోనే వాదన ఉంది. పింక్ ఫ్లాయిడ్ సభ్యుడు రోజర్ వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి వాటర్స్ పసిబిడ్డ. ఆ సంగతి తెలిసి చూస్తే శిలువలుగా మారే విమానాలు ఇంకో రకంగా తగులుతాయి.

జెనిసిస్ 'ల్యాండ్ ఆఫ్ కన్ఫ్యూజన్' (1986) వెక్కిరింపు దారి పట్టింది. 'స్పిటింగ్ ఇమేజ్' అనే బ్రిటిష్ టీవీ కార్యక్రమం కోసం రబ్బరు బొమ్మలు చేసిన కళాకారులే దీనికీ చేశారు. పీడకల నుంచి లేచిన అప్పటి అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ బొమ్మ నర్సును పిలిచే మీట అనుకుని అణుబాంబు మీట నొక్కేస్తుంది. ఇలాంటి వీడియోలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే. నవ్వు అధికారంలో ఉన్నవాడి మీదా, బాధితుడి మీదా?

ఎనిమిదో పని: వీధిని చూపిన వీడియోలను వేరే కొలతతో కొలవండి

సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ 'బూమ్!' వీడియోకు దర్శకుడు మైకేల్ మూర్. 2003 ఫిబ్రవరి 15న, ఇరాక్ మీద దాడికి నెల రోజుల ముందు, ప్రపంచమంతటా నగరాల్లో జరిగిన నిరసన ప్రదర్శనలే దాని ముడిసరుకు. నడుస్తున్నవారే పాట పదాలను పలుకుతారు. గణాంకాలు తెర మీద రాతగా వస్తాయి. మధ్యలో బుష్, బ్లెయిర్, సద్దాం, బిన్ లాడెన్‌లు క్షిపణుల మీద స్వారీ చేసే యానిమేషన్ ఉంది. కళగా చూస్తే దీనికి 'వన్'లోని లోతు లేదు. అయినా చిన్నచూపు చూడకండి. వార్తాప్రసారాలు గుంపుగా చూపి వదిలేసే జనంలోంచి ఇది ఒక్కొక్క ముఖాన్నీ బయటికి తీసింది. ఆ యుద్ధం మార్చి 20న మొదలైంది. వద్దన్నవారు ఇంతమంది ఉన్నారనే సాక్ష్యం మాత్రం మిగిలింది. ఆ బ్యాండ్‌లోని నలుగురూ ఆర్మేనియన్ మూలాలున్నవారు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల మీద జరిగిన 1915 నాటి మారణకాండ వారి కుటుంబాల జ్ఞాపకం. సాక్ష్యం పట్ల వారి పట్టుదలకు అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

తొమ్మిదో పని: రాయడం

మీ దగ్గర ఇప్పుడు తేదీలు, పేర్ల జాబితా, రంగు గుర్తులు, కట్‌ల లెక్క, రెండు వరుసల ముఖాలు ఉన్నాయి. అన్నీ వ్యాసంలో కుక్కవద్దు. మిమ్మల్ని ఆపిన ఒక్క షాట్‌తో మొదలుపెట్టండి. అది ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పండి, దాన్ని చూడనివారికి కూడా కనిపించేలా వర్ణించండి, ఆ సమయంలో ఏ వాయిద్యం వినిపిస్తుందో రాయండి. అప్పుడు మాత్రమే మీ తీర్పు చెప్పండి. 'హృదయాన్ని కదిలించింది' అని రాయాలనిపించినప్పుడల్లా ఆగి, ఏది కదిలించిందో దాని పేరు రాయండి.

మీరే తీయబోతుంటే

పై మెట్లనే తిరగేసి వాడుకోండి. ముందుగా శబ్దం లేకుండా నిలబడే బొమ్మల వరుసను కాగితం మీద తయారు చేయండి. పాటలో అత్యంత వేగమైన చోటును గుర్తించి, అక్కడ పేలుడు పెట్టకుండా ఇంకేం పెట్టగలరో ఆలోచించండి. డబ్బు తక్కువైతే మంచిదే. ఒక మంచం, ఒక గోడ, ఒక ముఖం చాలు.

పాత యుద్ధ దృశ్యాలు కావాలంటే హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. 'వన్' కోసం మెటాలికా ఆ సినిమా హక్కులనే కొనేసింది. అంత స్తోమత మనకు లేదు కాబట్టి కాపీరైట్ లేని దృశ్యాలను వెతకాలి. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన చిత్రాలకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో అలాంటివి దొరుకుతాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం సైన్యం కెమెరాతో తీసినవి. విమానంలోంచి కిందికి చూసే చూపు అది, బాంబు కింద ఉన్నవారి చూపు అందులో ఉండదు. అలాంటి షాట్ వాడితే దాని పక్కనే నేల మీది నుంచి తీసిన షాట్ ఒకటి తప్పక పెట్టండి. చనిపోయినవారి ముఖాలను, ముఖ్యంగా ఇటీవలి యుద్ధాల్లో పోయిన పిల్లల ముఖాలను, అనుమతి అడగడానికి ఎవరూ మిగలలేదన్న ధీమాతో వాడవద్దు. ఆ ముఖం లేకుండా మీ పాట నిలబడకపోతే, పాటనే మళ్లీ రాసుకోండి.

ఎడిటింగ్ అయ్యాక, యుద్ధం సినిమాలంటే ఇష్టపడే కుర్రవాడొకడికి ముందుగా చూపించండి. 'భలే ఉంది, ఆ పేలుడు ఇంకోసారి చూపించు' అంటే ఆ షాట్ తీసేయండి.